సార్ సరే అంటేనే కదిలే పేపర్

మీకు అన్నీ ఒక్క నొక్కుతో అయిపోవాలి. మధ్యలో ఏదైనా ఆగితే ఒళ్ళు మండిపోతుంది. మిమ్మల్ని అనడమెందుకు, నాకూ మండేది. నా సర్వీసంతా ఆగిపోయినవాటిని నడిపించడంతోనే గడిచింది. ఒక్కసారి మాత్రం, చక్కగా నడుస్తున్నదాన్ని కావాలని నేనే ఆపాను. అది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సంగతి చెబుతాను. నాకు మధ్యలో కళ్ళనీళ్ళు వస్తాయి, మీరు పట్టించుకోకండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో మెటీరియల్ సెక్షన్ నాది. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. టిఫిన్ సెంటర్ పైన ఒక పొడుగాటి గది, నాలుగు కంప్యూటర్లు, పొద్దున్నే సాంబారు వాసన, కిటికీ ఎదురుగా మెట్రో పట్టాలు. లెక్చరర్లు రాసిచ్చిన ప్రశ్నలు మేము కంపోజ్ చేసి పేపర్ తయారు చేసేవాళ్ళం. ప్రతి ఆదివారం అన్ని బ్రాంచీల్లో పరీక్ష. శనివారం మధ్యాహ్నానికల్లా కొత్తపేటలో ఉన్న ప్రెస్సుకు పేపర్ అందాలి. శుక్రవారం వచ్చిందంటే మా సెక్షన్లో ఎవరూ ఎవరితోనూ మంచిగా మాట్లాడేవాళ్ళు కాదు.

మేము వాడేది లాటెక్. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మామూలు టైపింగులో తెరమీద ఏం కనిపిస్తే అదే అచ్చవుతుంది. ఇందులో అలా కాదు. మాటలూ, వాటిమధ్య ఆదేశాలూ కలిపి ముందు ఒక ఫైలు రాసుకోవాలి. దాన్ని కంపైల్ చేస్తే అప్పుడు అందమైన పేజీ బయటికొస్తుంది. సమీకరణాలు ముత్యాల్లా వస్తాయి. కానీ ఎక్కడో ఒక బ్రాకెట్ మర్చిపోయామా, తెరనిండా ఇంగ్లీషులో తిట్లు. మా ఆపరేటర్ ఒకావిడ తుర్కయంజాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ తిట్లన్నిటికీ ఆవిడ దగ్గర ఒకటే మందు. "ఏం గాదు మేడం, ఎంటర్ కొడితే పోతది." నిజంగానే పోయేది. ఎంటర్ కొట్టుకుంటూ పోతే చివరికి ఏదో ఒక పేపర్ వచ్చేది. దాంట్లో ఏం పోయిందో సోమవారం పిల్లలు చెప్పేవాళ్ళు.

అలాంటి రోజుల్లో కెమిస్ట్రీ సార్ మా సెక్షన్‌కి వచ్చారు.

గుంటూరు వైపు మనిషి. ఆయన క్లాసు చెబుతుంటే మైకు అక్కర్లేదు. కింద టిఫిన్ సెంటర్లో దోసె తింటున్నవాడికి కూడా ఆవర్తన పట్టిక వచ్చేస్తుందని మేము నవ్వుకునేవాళ్ళం. అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది గానీ మాట పోయింది. పాఠం చెప్పలేని లెక్చరర్ని ఏ కోచింగ్ సెంటరూ ఉంచుకోదు. అయితే ఆయన పేరు చూసే పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు కాబట్టి, డైరెక్టర్ గారు ఆయన్ని ప్రశ్నలు తయారు చేసే పనిమీద మా గదిలోకి పంపారు.

ఆ కుర్చీ సార్‌కి ఎందుకంత అవసరమో వాళ్ళావిడ మొదటిరోజే నాకు చెప్పింది. క్యారేజీ ఇవ్వడానికొచ్చి, మెట్లమీద నా చెయ్యి పట్టుకుంది.

"ఈయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళేనమ్మా, ఇన్సూరెన్సు. ఇంకా రేడియేషన్ ఉంది, తర్వాత మందులున్నాయి. పేరు తీసేశారనుకో, ఆసుపత్రి వాళ్ళు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. కాస్త చూసుకోండి."

"మీరు పరేషాన్ గాకుండ్రి అక్కా, నేనున్న గద" అన్నాను. అలవాటుగా అనే మాటే. కానీ అన్నాక అది మీద పడింది.

సార్‌తో మాట్లాడడం ఎలా? మొదట్లో కాగితమ్మీద రాసేవారు. తర్వాత ఆయనే ఒక దారి కనిపెట్టారు. లాటెక్‌లో ఒక సౌకర్యం ఉంది. శాతం గుర్తు పెట్టి దాని పక్కన ఏం రాసినా, ఆ లైను చివరిదాకా కంప్యూటర్ చదవదు, అచ్చులో రాదు. రాసుకునేవాడికే కనిపిస్తుంది. మేమిద్దరం ఒకే ఫైల్లో పనిచేసేవాళ్ళం కాబట్టి, సార్ ప్రశ్న టైపు చేస్తూ చేస్తూ పక్కనే శాతం గుర్తు పెట్టి నాతో కబుర్లు మొదలుపెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"అమ్మాయ్, నాలుగో ఆప్షన్ చూడు. తెలివైనవాళ్ళంతా ఇక్కడే బోర్లా పడతారు."

యాభై దాటినదాన్ని పట్టుకుని అమ్మాయ్ అనేవారు. నేను దాని కింద జవాబు రాసేదాన్ని. "పిల్లలమీద మీకు గింత పగెందుకు సార్?"

"ఇవాళ డైరెక్టర్ గారి ఎర్ర గోధుమరంగు చొక్కా చూశావా? అచ్చం బ్రోమిన్ ఆవిరి."

నేను ఒక్కదాన్నే తెర చూసుకుని పకపకా నవ్వుతుంటే, మా ఆపరేటర్ ఈ మేడంకి ఏమైందా అని చూసేది. సార్ నవ్వితే శబ్దం ఉండేది కాదు, భుజాలు మాత్రం ఎగిరేవి. కొన్నిసార్లు కబుర్లుండేవి కావు. "మింగుడు పడడం లేదు" అని మాత్రం రాసి, మళ్ళీ ప్రశ్నలో పడిపోయేవారు. ఒకసారి ఎంతకీ సీట్లోకి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పై అంతస్తులో క్లాసు జరుగుతోంది. తలుపు బయట, గోడకి ఆనుకుని, పాత చెప్పులు విప్పి పక్కన పెట్టి, సార్ ఆ పాఠం వింటున్నారు. లోపల చెబుతున్నది ఆయన జాగాలో కొత్తగా వచ్చిన కుర్రాడు. నన్ను చూసి సార్ సిగ్గుపడ్డట్టు నవ్వి, కిందికి వచ్చేశారు. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

సరే, పని సంగతికొస్తాను. ప్రతి వారం ఒకే పేపర్ని నాలుగు రకాలుగా ప్రశ్నల వరస మార్చి తయారు చేయాలి, పిల్లలు పక్కవాళ్ళవి చూసి రాయకుండా. చేత్తో కత్తిరించి అతికించే పని. ఒక వరసకి ఇంకో వరస జవాబులు పడేవి. నెత్తీనోరూ కొట్టుకుని చివరికి నేనే కూర్చుని, ఈ పనంతా దానంతటదే జరిగేట్టు ఒక ప్రోగ్రాం రాశాను. ప్రశ్నలన్నీ ఒకచోట బ్యాంకులా ఉంటాయి. ప్రోగ్రాం వాటిలోంచి తీసుకుని, వరస మార్చి, కంపైల్ చేసి, జవాబులు కూడా విడిగా ఇస్తుంది. దానికోసం సార్ తన దగ్గరున్న ప్రశ్నలన్నీ ఇచ్చేశారు. ఇన్నేళ్ళుగా క్లాసులో వాడి వాడి అరగదీసినవి, ఎవరికీ చూపించకుండా దాచుకున్నవి కూడా. లెక్చరర్లకి ప్రశ్నలంటే ఎంత ప్రాణమో తెలిసినదాన్ని, "అన్నీ ఎందుకు సార్, కొన్ని ఉంచుకోండి" అన్నాను. "ఉంచుకుని ఎవరికి చెప్పను?" అని రాశారు.

మొదట్లో ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఒక ఆదివారం కొంప మునిగింది.

కెమిస్ట్రీలో ఒక ప్రశ్న సగమే అచ్చయింది. విచిత్రమేమిటంటే, చదివితే పూర్తి ప్రశ్నలాగే ఉంది. ఉష్ణోగ్రత, పీడనం ఇంత అని చెప్పే రెండో వాక్యం మాత్రం లేదు. అవి లేకపోతే జవాబు రాదు. పిల్లలు దానితో కుస్తీ పట్టి టైమంతా పోగొట్టుకున్నారు. సోమవారం పొద్దున్నే తల్లిదండ్రులు రిసెప్షన్ మీద పడ్డారు. ఒకాయన అరుపులు మా గదిలోకి వినిపిస్తున్నాయి. "గిదేం కోచింగ్? బీమారున్న మనిషితోని పేపర్లు రాయిస్తరా?"

సార్ ఆ మాట విన్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని తెరవైపే చూస్తున్నారు. చేతులు కీబోర్డు మీద లేవు.

నేను ఆ ఫైలు తెరిచాను. అందులో ప్రశ్న పూర్తిగానే ఉంది. రెండో వాక్యమూ ఉంది. సార్ తప్పేమీ లేదు. మరి ఎక్కడ మాయమైంది? ప్రోగ్రాం తయారు చేసిన ఫైలు తీసి చూస్తే అప్పుడు కనిపించింది. ఎప్పుడూ ప్రశ్న అంతా అయ్యాక కబుర్లాడే సార్, ఈసారి మొదటి వాక్యం కాగానే లైను చివర శాతం గుర్తు పెట్టి నాతో ఒక మాట అన్నారు: "అమ్మాయ్, ఇవాళ టీలో పంచదార ఎక్కువైంది." రెండో వాక్యం కింది లైన్లో ఉంది. నా ప్రోగ్రాం ఏం చేసిందంటే, ఆప్షన్లని విడిగా ఉంచి, ఒక్కో ప్రశ్నలోని వాక్యాలన్నిటినీ ఒకే లైనుగా కలిపేసింది. కలపగానే ఆ రెండో వాక్యం కూడా శాతం గుర్తు వెనక్కి వెళ్ళిపోయింది. ఇంకేముంది, కంప్యూటర్ దాన్ని కూడా కబుర్లకింద జమకట్టి వదిలేసింది. తిట్లు లేవు, ఎర్ర అక్షరాలు లేవు. అన్నీ సవ్యంగా అయినట్టే పేపర్ ఇచ్చింది.

ఇలాంటి తప్పు దేశంలో ఇంకెవరైనా చేసి ఉంటారా? ప్రశ్నపత్రంలో కూర్చుని టీ గురించి మాట్లాడుకునే పిచ్చివాళ్ళం మేమిద్దరమే.

డైరెక్టర్ గారు పిలిపించారు. సార్ని కాదు, నన్ను. ఆయనకి సార్ మొహం చూసి చెప్పే ధైర్యం లేదని నాకర్థమైంది.

"మేడం, సార్ అంటే నాకు గౌరవం. కానీ ఆయనకి రెస్ట్ అవసరం. ఈ నెలాఖరుతో..."

"సార్ తప్పు గాదు సార్ అది" అని మధ్యలోనే అందుకున్నాను. ప్రింట్లు బల్లమీద పరిచి, లైన్లు ఎలా కలిశాయో, వాక్యం ఎలా పోయిందో అంతా విప్పి చెప్పాను. పంచదార సంగతి మాత్రం చెప్పలేదు, ఏదో నోట్ అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. చదువుకున్న మనిషి, తొందరగానే పట్టుకున్నారు.

"అంటే ఇప్పుడు ప్రోగ్రాం సరిచేశారా?"

"చేసిన సార్. నోట్లన్నీ ముందుగాల తీసేసి, గప్పుడే కలుపుతది. ఇగ తప్పు పోదు."

"ప్రశ్నలన్నీ బ్యాంకులో ఉన్నాయా?"

"ఉన్నయ్ సార్."

"మరి సార్‌తో పనేముంది మేడం?"

తప్పు ఆయనది కాదని నిరూపించడానికి వెళ్ళి, ఆయన అవసరమే లేదని నేనే నిరూపించి కూర్చున్నాను. బల్లమీద నా ప్రింట్లు, ఎదురుగా ఆయన. మెట్లమీద నా చెయ్యి పట్టుకున్న ఆవిడ మొహం గుర్తొచ్చింది. అప్పుడు నోటికొచ్చింది అనేశాను.

"ప్రోగ్రాంకి కెమిస్ట్రీ రాదు సార్. రేపు ఇంకోటేదో పోతది. అప్పుడు పేరెంట్సొచ్చి ఎవరు చూసిన్రు గీ పేపర్‌ని అంటే ఎవర్ని జూపిస్తం? నన్నా? నాకు నీళ్ళ ఫార్ములా దప్ప ఏం రాదు. సార్ చూసి సరే అన్నంకనే పేపర్ పోవాలె. గా గ్యారంటీ లేకుంటే నేను పంపను."

తల్లిదండ్రుల మాట ఎత్తేసరికి ఆయన ఆలోచనలో పడ్డారు. రిసెప్షన్లో గొడవ ఇంకా సద్దుమణగలేదు, అది నాకు కలిసొచ్చింది. "సరే, అయితే రాతపూర్వకంగా పెట్టండి. సార్ అప్రూవల్ లేకుండా పేపర్ బయటికి వెళ్ళకూడదు" అన్నారు.

అలా నా ప్రోగ్రాంలో ఒక గొలుసు వేశాను. పేపర్ అంతా తయారవుతుంది, చివరి అడుగు దగ్గర ఆగుతుంది. సార్ ఫోనుకి కబురు వెళుతుంది. ఆయన తెరిచి చూసి 'సరే' అని నొక్కాలి. నొక్కితేనే పేపర్ ప్రెస్సుకి వెళుతుంది. లేకపోతే ఎంతసేపైనా అక్కడే ఉంటుంది. ప్రపంచంలో అందరూ పని త్వరగా కావాలని ఆటోమేషన్ చేస్తారు, నేను ఆపడానికి చేశాను.

సార్‌కి తెలియకుండా ఉంటుందా? ఆ వారమే ఫైల్లో నాకోసం ఒక లైను ఉంది. "నీ ప్రోగ్రాం ఇప్పుడు తప్పు చేయట్లేదు కదా అమ్మాయ్. ఈ సరే ఎందుకు?"

నేను పక్కనే ఉన్నాను కాబట్టి టైపు చేయకుండా గట్టిగానే అన్నాను. "మీరు జర నోరు మూసుకోండి సార్."

అన్నాక గానీ ఎవరితో ఏమన్నానో తెలియలేదు. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. సార్ ఒక్క క్షణం నావైపు చూశారు. తర్వాత భుజాలు ఎగరడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను, నేనూ తుడుచుకున్నాను. ఆ తర్వాత దాని గురించి ఎప్పుడూ అడగలేదు.

మొదట్లో ఆయన నిజంగానే అక్షరం అక్షరం చూసేవారు. ఇక్కడ యూనిట్ మార్చు, అక్కడ భాష పిల్లలకి అర్థం కాదు అని వెనక్కి పంపేవారు. చలికాలం వచ్చేసరికి ఆఫీసుకి రావడం తగ్గింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఉన్న ఆసుపత్రిలో పెట్టారు. పేపర్ కబురు అక్కడికే వెళ్ళేది, సరే అక్కణ్ణుంచే వచ్చేది. శనివారాలు అది ఆలస్యమయ్యేది. అందరూ నామీద అరిచేవాళ్ళు. ప్రెస్ ఓనర్ అయితే మరీను. "ఏందమ్మా గీ లేటు? పండ్ల మార్కెట్ ఈడ కొత్తపేటల ఉన్నప్పుడు లారీల మధ్యలకెల్లి గూడ టైంకి డెలివరీ ఇచ్చిన మేము. మీ సార్ ఒక్క బటన్ ఒత్తనీకి గింత సేపా?"

"ఒత్తుతడు అన్నా, జర ఆగు" అనేదాన్ని.

తర్వాత తర్వాత సరే చాలా తొందరగా రావడం మొదలైంది. కబురు వెళ్ళీ వెళ్ళకముందే వచ్చేది. ఏ మనిషీ అంత త్వరగా పేపర్ చదవలేడు. చూడటానికి వెళ్ళినప్పుడు తెలిసింది. సార్ పూర్తిగా నీరసించిపోయి, కళ్ళు సగం మూసుకుని పడుకునున్నారు. ఫోను వాళ్ళావిడ చేతిలో ఉంది.

"అబద్ధం చెప్పలేనమ్మాయ్" అందావిడ, సార్‌కి వినబడకుండా గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి. "ఆయన వేలు పట్టుకుని నేనే నొక్కుతున్నాను. పేపర్ వచ్చిందండీ అంటే కళ్ళు తెరుస్తారు. అంతే. వారమంతా ఇంకదేనికీ తెరవరు. నేను చేస్తున్నది తప్పేమో, పిల్లలకేమైనా..."

"ఏం తప్పు గాదక్కా. నేను ముందుగాలే అన్నీ చూసి పంపుతున్న" అన్నాను. అప్పటికే కెమిస్ట్రీ పేపర్ని సార్ జాగాలో వచ్చిన ఆ కొత్త కుర్రాడితో గురువారమే చదివించేదాన్ని. నీళ్ళ ఫార్ములా దగ్గర ఆగిపోయినదాన్ని, పిల్లల పేపర్‌తో ఆటలాడతానా?

లోపలికి వెళ్ళి సార్ చెయ్యి పట్టుకున్నాను. ఏదో చెప్పాలనుకున్నారు. ఆ మంచం దగ్గర కీబోర్డు లేదు. నా అరచేతిలో వేలితో ఏదో రాశారు. అది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

ఎండలు ముదిరాక ఒక శనివారం. పేపర్ ఎప్పటికంటే ముందే, పొద్దున్నే తయారై, ఎప్పటిలాగే చివరి అడుగు దగ్గర ఆగింది. మా ఆపరేటర్ నా సీటు దగ్గరికి వచ్చింది. "మేడం, పేపర్ ఆగింది. సార్ సరే అనలే."

"అంటడు, ఆగు."

కింద టిఫిన్ సెంటర్లో రద్దీ తగ్గింది. ఎదురుగా మెట్రో రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఆపరేటర్ మళ్ళీ వచ్చింది. ఈసారి నా తెరకేసి చూస్తూ నిలబడింది. ఫోన్ చేయాలంటే భయం. అంతలో అదే మోగింది. వాళ్ళావిడ. ఏడవడం లేదు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"అమ్మాయ్, పేపర్ వచ్చింది. చూశాను. ఇవాళ ఇంక నొక్కలేనమ్మా."

ఏమన్నానో గుర్తులేదు. ఫోన్ పెట్టేసి తెరవైపు తిరిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఏడుపు వస్తోంది, కానీ పేపర్ వెళ్ళాలి. రేపు పొద్దున పిల్లలు హాల్లో కూర్చుంటారు. వాళ్ళకి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. ఇన్సూరెన్సు చివరిరోజు దాకా నడిచింది. ఆసుపత్రి వాళ్ళు ఆయన్ని గుమ్మం దిగమనలేదు. నేను వేసిన గొలుసు దానికోసమే. ఆ పని అయిపోయింది.

ప్రోగ్రాం తెరిచి, ఆగమని చెప్పే ఆ భాగాన్ని వెతికి తీసేశాను. మళ్ళీ నడిపించాను. పేపర్ ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు, కళ్ళు మూసి తెరిచేలోపు ప్రెస్సుకి వెళ్ళిపోయింది. దాన్ని అలా నడిపించాలనే కదా మొదట్లో నేను అంత కష్టపడింది. బల్లమీద తలపెట్టుకుని ఏడ్చాను. మా ఆపరేటర్ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

ఆసుపత్రికి వెళదామని మెట్లు దిగుతుంటే ప్రెస్ ఓనర్ ఫోన్ చేశాడు. ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు. మంచి హుషారుగా ఉన్నాడు.

"అమ్మా, పేపర్ జల్దీ ఒచ్చింది ఇయ్యాల! ఎట్లనన్న చేయి గని, గిట్లనే పంపాలె నువ్వు ప్రతిసారి."

"ఇగ గిట్లనే ఒస్తది అన్నా" అన్నాను.